పాత చెక్క సామాను దేనితో తుడవాలి? సబ్బునీళ్లా, టర్పెంటైనా, నూనెలా, స్ప్రేలా?

తాతల నాటి పడక కుర్చీ, పందిరి మంచం, భోషాణం, నిలువుటద్దం బిగించిన బీరువా. ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్లకి పండగ దులుపుళ్లప్పుడు ఏటా వచ్చే సందేహమే ఇది. చేతులు ఆనే చోట పేరుకున్న ఆ నల్లటి జిడ్డు దేనితో పోతుంది? ఒక వీడియోలో వెనిగర్, ఆలివ్ నూనె కలపమంటారు. పక్కింటావిడ కొబ్బరినూనె రుద్దితే చాలంటుంది. సూపర్ మార్కెట్లో నిమ్మకాయ బొమ్మ వేసిన స్ప్రే దొరుకుతుంది. వడ్రంగిని పిలిస్తే "మొత్తం గీకేసి కొత్త పాలిష్ కొట్టిద్దామండీ" అంటాడు. తలో మాట చెబుతారు గానీ, ఆ చెక్క మీద ఇప్పుడున్న పూత ఏమిటని మాత్రం ఎవరూ అడగరు.

శుభ్రం చేసే పనిలో అది టేకా, జిట్రేగా, మామిడా అన్నది రెండో విషయం. మన గుడ్డ తగిలేది చెక్క మీది పూతకి. లక్క పాలిష్ ఉన్న బల్ల మీద శానిటైజర్ చుక్క పడితే కాసేపట్లో మచ్చ తేలుతుంది. పీయూ (పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి) పూత ఉన్న బల్ల మీద అదే చుక్కని తుడిచేసుకుంటే ఏమీ కాదు. చెక్క ఒకటే అయినా పూత వేరు కాబట్టి ఫలితం వేరు. అందుకే ఏది వాడాలో తేల్చుకునే ముందు పూత ఏదో తేల్చుకోండి. ఆ పరీక్షకి పావుగంట చాలు. తప్పు మందు వాడి పోగొట్టుకున్న పాలిష్ మాత్రం మళ్లీ రాదు.

పూత ఏదో కనుక్కోవడం

పాత తరం మంచి సామాను మీద ఎక్కువగా కనబడేది లక్క పాలిష్. మేస్త్రీలు చపడా అనీ, స్పిరిట్ పాలిష్ అనీ, ఫ్రెంచ్ పాలిష్ అనీ అనేది దీన్నే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురుని శుద్ధి చేసి, పలచటి రేకులుగా అమ్ముతారు. మన దేశంలో ఇది ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. ఆ రేకులని స్పిరిట్‌లో నానబెట్టి, దూది ఉండకి గుడ్డ చుట్టి, పొర మీద పొర పట్టిస్తారు. ఎన్నేళ్లయినా ఆ పొర స్పిరిట్‌లో మళ్లీ కరుగుతుంది. అందుకే దెబ్బ తిన్న చోట అతుకు కనబడకుండా సరిచేయొచ్చు, అందుకే చిన్న పొరపాటుకే పాడవుతుంది కూడా. వేడికీ తట్టుకోదు. 75 డిగ్రీల దగ్గర లక్క కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. పొగలు కక్కే కాఫీ గ్లాసు మచ్చ పెట్టేది అందుకే.

తర్వాత వచ్చిన రసాయన పూతలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, మెలమైన్, పీయూ. షాపుల్లో డబ్బాల్లో దొరికే వార్నిష్ కూడా పాత తలుపులకీ కిటికీలకీ బాగా వాడారు. వీటితో పాటు పూత అంటూ లేకుండా అవిసె నూనె పట్టించినవి, మైనం రుద్దినవి, ఏమీ రాయని పీటలు, బల్లలు ఉంటాయి.

పరీక్షకి ఎవరికీ కనబడని చోటు చూసుకోండి. కుర్చీ వెనక కాలు లోపలి పక్క, బల్ల పలక అంచు కింది భాగం లాంటివి. అక్కడ పాలిష్ ఉందో లేదో ముందు చూడండి. చాలా సామానుకి అడుగున పూత వేయరు, అక్కడ పరీక్షిస్తే తప్పు జవాబు వస్తుంది.

మొదట ఒక నీటి చుక్క వేసి అయిదు నిమిషాలు చూడండి. చెక్కలోకి ఇంకి ముదురు రంగు మరకైతే అక్కడ పొర లేదని అర్థం. ముత్యంలా నిలబడితే పూతో మైనమో ఉంది. గోటితో మెల్లగా గీస్తే మెత్తటి తెల్ల పొడి లేచిందంటే మైనం. అలాంటప్పుడు టర్పెంటైన్ అద్దిన గుడ్డతో ఆ చోటు తుడిచి, కింద ఇంకో పూత ఉందేమో చూడాలి.

ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే స్పిరిట్‌లో ఇయర్‌బడ్ ముంచి, అక్కడ ఓ పది పదిహేను సెకన్లు ఆనించండి. పూత జిగటగా మారి, దూది పోగులు అంటుకుని, బడ్ మీదికి తేనె రంగు వస్తే అది లక్క. ఏమీ కాకపోతే పక్కన ఇంకో చోట ఎన్‌సీ థిన్నర్‌తో అదే పని చేయండి. మెత్తబడి కరిగితే లాకర్. ముడతలు పడితే పాత వార్నిష్ కావచ్చు. దేనికీ చలించకపోతే మెలమైన్ లేదా పీయూ. స్పిరిట్ పరీక్ష ముందు చేయాలన్నది మర్చిపోవద్దు. థిన్నర్ లక్కని కూడా మెత్తబరుస్తుంది, ముందు దాన్నే వాడితే రెండింటికీ తేడా తెలియదు.

ఒకే వస్తువు మీద రెండు రకాల పూతలు ఉండటం మన ఇళ్లలో మామూలే. డైనింగ్ టేబుల్ పైపలక గీతలు పడ్డాయని ఎప్పుడో మెలమైన్ కొట్టించి ఉంటారు, కాళ్లకి పాత లక్కే మిగిలి ఉంటుంది. పైన ఒకసారి, కాళ్ల దగ్గర ఒకసారి విడివిడిగా చూసుకోవాలి.

పొడి తుడుపు, సబ్బునీళ్లు, టర్పెంటైన్

శుభ్రానికి నిజంగా పనికొచ్చేవి ఈ మూడే అని నా గట్టి నమ్మకం. మిగతావాటిలో చాలామటుకు మెరుపు కోసం వచ్చినవి. మెరుపు శుభ్రం కాదు.

పొడి తుడుపుని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో నగిషీల్లోని దుమ్ము బయటికి తీసి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె గుడ్డతో తుడిస్తే, కొన్ని సామాన్లకి ఆ పైన ఇంకేమీ అక్కర్లేదు. తడి చేసేముందు ఇది తప్పకుండా చేయాలి. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. తడి గుడ్డతో నేరుగా రుద్దితే ఆ ఇసుక ఎమరీ పేపర్ పని చేస్తుంది. నగిషీలు ఎక్కువగా ఉన్న చోట, పగుళ్లు ఉన్న చోట, పైన అంటించిన పలచటి చెక్క రేకు (వెనీర్) లేచిన చోట మైక్రోఫైబర్ గుడ్డ వద్దు. దాని పోగులు పట్టుకుని లేచిన ముక్కని ఊడబెరుకుతాయి.

సబ్బునీళ్లు చెమట ఉప్పు, తిండి మరకలు, మామూలు మకిలిని తీస్తాయి. గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా ఒక లీటరు నీళ్లలో కలిపితే చాలు. నురగ కోసం ఇంకా పోయాల్సిన పని లేదు. గుడ్డ ముంచి, ఇక చుక్క రాదు అనేదాకా పిండాలి. తుడిచిన చోట మిగిలిన చెమ్మ పది సెకన్లలో ఆరిపోతే గుడ్డ తడి సరిగ్గా ఉన్నట్టు. వెంటనే మామూలు నీళ్లలో పిండిన ఇంకో గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. చెయ్యంత మేర పూర్తిగా ముగించాకే పక్క చోటుకి వెళ్లండి. బట్టల సోడా, వాషింగ్ పౌడర్, వంట సోడా ఇందులోకి రానివ్వకండి. అవి క్షారాలు. క్షారం లక్కని కరిగిస్తుంది, వార్నిష్‌ని కళ తప్పిస్తుంది. ఘాటైన వాసన వచ్చే, అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్లు కూడా అంతే. బీరువా అద్దం తుడిచేటప్పుడు స్ప్రేని నేరుగా అద్దం మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవండి, లేకపోతే ఫ్రేము అంచు వెంబడి పాలిష్ తెల్లబడుతుంది.

కుంకుడు రసం కూడా కొందరు వాడతారు. నురగ మృదువుగానే ఉంటుంది, జిడ్డు కూడా తీస్తుంది. కానీ దాని గోధుమ రంగు, జిగురు పగుళ్లలో ఉండిపోతాయి. పీయూ పూత ఉన్నవాటికి వాడుకోవచ్చు గానీ, పూత పలచబడిన పాత సామానుకి నేను వద్దంటాను.

టర్పెంటైన్ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు భయపడతారు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ జిడ్డునీ, పాత మైనాన్నీ, దీపం మసినీ కరిగిస్తుంది. గట్టిపడిన లక్కనీ, లాకర్‌నీ, వార్నిష్‌నీ కరిగించదు. నీళ్లలా చెక్కని ఉబ్బించదు, వెనీర్‌ని లేపదు. అందుకే లక్క పాలిష్ ఉన్న పాత సామానుకి నా మొదటి ఎంపిక సబ్బునీళ్లు కాదు, ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, మంట తగిలితే అంటుకుంటుంది, వాసన తల తిప్పుతుంది. కిటికీలన్నీ తెరిచి, ఇంట్లో దీపం, అగరుబత్తి, స్టవ్ ఏవీ వెలగని సమయంలో, చేతికి గ్లోవ్స్ వేసుకుని పని చేయాలి. వాడిన గుడ్డలు ఆరుబయట పరిచి ఆరాకే పారేయండి. కిరసనాయిలు కూడా జిడ్డు తీస్తుంది కదా అంటారు. తీస్తుంది గానీ త్వరగా ఆరదు, నూనె పొర మిగులుస్తుంది, ఆ వాసన సొరుగుల్లోని బట్టలకి పడుతుంది. పెట్రోలు మాటే ఎత్తొద్దు.

ఈ పని దగ్గరగా ఎలా ఉంటుందో పడక కుర్చీ చేతి మీద చెబుతాను. అరచెయ్యి ఆనే ముందు భాగం నల్లగా, గోటితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉంటుంది. ఏళ్ల తరబడి చెమట, తలనూనె, దుమ్ము కలిసి పూతలోకి దిగిన జిడ్డు అది. దూదిని టర్పెంటైన్‌లో ముంచి పిండి, రూపాయి బిళ్లంత చోట దొర్లించండి, రుద్దకండి. మొదటి దూది నల్లగా వస్తుంది. రెండోది బూడిద రంగులో వస్తుంది. ఆ తర్వాతి దూది మీద రంగు ఎర్రటి గోధుమలోకి మారిందంటే చెయ్యి ఆపేయాలి. అది మురికి రంగు కాదు, పాలిష్ రంగు. జిడ్డు పట్టి మెత్తబడిన పూత దూదితో పాటు లేచి వస్తోందని అర్థం. ఇంకాస్త తీస్తే బాగా వస్తుందేమో అనిపించే ఆ క్షణంలోనే ఎక్కువ సామాను పాడవుతుంది. కుర్చీ చెయ్యి మిగతా కుర్చీ కంటే ఓ ఛాయ ముదురుగా ఉండిపోతే ఉండనివ్వండి. తరాల చేతులు ఆనిన చోటు అలాగే ఉంటుంది.

వెనిగర్, నిమ్మ, కొబ్బరినూనె, స్ప్రే

వెనిగర్, ఆలివ్ నూనె మిశ్రమం రాసిన వెంటనే చెక్క కళకళలాడుతుంది. అందుకే వీడియోల్లో అంత బాగుంటుంది. అందులో వెనిగర్ చేసే పని పిండిన తడి గుడ్డ కూడా చేస్తుంది, పైగా ఆమ్లం వల్ల ఇత్తడి బందులు, ఇనప మేకుల చుట్టూ మరకలు పడతాయి. ఆలివ్ నూనె ఎప్పటికీ ఆరదు. నిమ్మరసం కథ కూడా ఇదే.

నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు జాతులున్నాయి. ఇది తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అవిసె నూనె గాలి తగిలితే నెమ్మదిగా గట్టిపడి పొరలా మారుతుంది. కొబ్బరినూనె, ఆముదం, ఆలివ్ నూనె ఎన్నాళ్లయినా నూనెలానే ఉంటాయి. నువ్వుల నూనె మధ్యస్తం. పూత ఉన్న చెక్కకి కొబ్బరినూనె రాస్తే అది లోపలికి దిగలేదు, పైనే కూర్చుంటుంది. మన ఊళ్లలో ఎండాకాలం దుమ్ము సంగతి తెలిసిందే. నెల తిరిగేసరికి ఆ నూనె, దుమ్ము కలిసి కొత్త మకిలి తయారవుతుంది. గడపకి ఆముదమో నూనో రాసే అలవాటు వేరు. అక్కడ పూత లేదు, చెక్క తాగుతుంది, వానకీ ఎండకీ తట్టుకోవడానికి పనికొస్తుంది. గడపకి పనికొచ్చింది కదా అని బీరువాకి రాయకూడదు.

అవిసె నూనె ఆరుతుంది కాబట్టి మంచిదనుకుంటారు. ఒట్టి చెక్కకి మంచిదే. పాత పాలిష్ మీద మాత్రం ప్రతి పూతా ముదిరి నల్లబడుతుంది, తర్వాత తీయడానికి దారి ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ నూనె పీల్చిన గుడ్డలు కుప్పగా పడేస్తే లోపల వేడి పుట్టి, ఏ నిప్పూ తగలకుండానే అంటుకుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆరుబయట పరచాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

స్ప్రే పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ నూనె ఉంటుంది. పీయూ పూసిన కొత్త సామానుకి అప్పుడప్పుడు వాడితే పెద్ద నష్టం కనబడదు. పాత సామానుకి మాత్రం వద్దు. సన్నటి పగుళ్ల గుండా సిలికాన్ చెక్కలోకి దిగుతుంది. రేపెప్పుడైనా మళ్లీ పాలిష్ చేయించాల్సి వస్తే, కొత్త పూత ఆ చోట్ల నిలవకుండా తొలగిపోయి చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడతాయి. ఆ సిలికాన్‌ని వదిలించడానికి పాలిష్ మేస్త్రీ నానా అవస్థ పడాలి.

టూత్‌పేస్ట్, ముగ్గుపిండి, బూడిద, స్టీలు పీచు ఇవన్నీ గీకేవే. పైగా ఇనప పీచు ముక్కలు తడి టేకులో ఇరుక్కుంటే, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి నల్లటి చుక్కలు తేలుతాయి. అవి సబ్బుకీ పోవు, టర్పెంటైన్‌కీ పోవు.

శానిటైజర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ముప్పాతిక వంతు దాకా ఆల్కహాలే, అంటే లక్క పాలిష్‌ని కరిగించే సరుకే. 2020లో కరోనా భయంతో చాలా ఇళ్లలో తలుపు పిడులు, కుర్చీ చేతులు దానితోనే తుడిచారు. లక్క పాలిష్ సామాను మీద ఆనాటి గుర్తులు ఇంకా కనబడుతుంటాయి. పాలిపోయిన మరక, కొన్నిటి మధ్యలో మెత్తబడ్డ పూతలో అచ్చు పడిపోయిన వేలిముద్ర.

మీ సామానుకి ఏది?

లక్క పాలిష్ అని తేలితే: పొడి తుడుపు, తర్వాత టర్పెంటైన్. అప్పటికీ మకిలి మిగిలితే బాగా పిండిన సబ్బునీళ్ల గుడ్డ ఒక్కసారి, వెంటనే ఆరబెట్టడం. వానలు పడే రోజుల్లో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, ఈ తడి పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమ్మ పూతలో చిక్కుకుని తెల్లటి మసక వస్తుంది.

ఎన్‌సీ లాకర్‌కి సబ్బునీళ్లు, టర్పెంటైన్ రెండూ ఫర్వాలేదు. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. మెలమైన్, పీయూలకి సబ్బునీళ్లే సరిపోతాయి, ఇంకేమీ కొనక్కర్లేదు. అయితే పీయూ కూడా పగిలిన చోట నీళ్లు లోపలికి దిగి అంచులు తెల్లగా లేస్తాయి, కాబట్టి పగుళ్ల దగ్గర గుడ్డ ఇంకా పొడిగా ఉండాలి.

మైనం రుద్దినవాటికి టర్పెంటైన్ వాడితే పాత మైనం కూడా పోతుంది. మళ్లీ మైనం పట్టించే ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. పూత లేని పీటలు, వంటింటి బల్లలకి తడి గుడ్డ చాలు. తుడిచేటప్పుడు చెక్క రేఖల వెంబడే పోవాలి, అడ్డంగా కాదు.

రంగు వేసిన పాత బీరువాలు, తలుపుల విషయంలో ఇంకో జాగ్రత్త. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవండి. పొడిగా గీకి ఆ పొడి పిల్లలున్న ఇంట్లో ఎగరనివ్వకండి.

ఏటికొప్పాక లక్క బొమ్మలు, నిర్మల్ బొమ్మల లాంటివి పొడి గుడ్డ దాటి వెళ్లకూడదు. ఏటికొప్పాక బొమ్మ మీది మెరుపు లక్కే, స్పిరిట్ తగిలితే రంగుతో సహా చేతికి వస్తుంది. అలాగే పాత విశాఖపట్నం పని. 18వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు జిట్రేగి, టేకు, గంధపు చెక్కల మీద ఏనుగు దంతపు పలకలు పొదిగి, ఆ దంతం మీద సన్నటి గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి పూలతీగలు, బొమ్మలు తీర్చేవారు. కంపెనీ దొరలు కొని తీసుకుపోయిన ఆ పెట్టెలు, కుర్చీలు ఇప్పుడు లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. అలాంటి పెట్టె మీ ఇంట్లో ఏదైనా ఉంటే, స్పిరిట్ తగలగానే ఆ నల్ల గీతలు చెరిగిపోతాయి, నీళ్లు తగిలితే దంతం ఉబ్బి పలక లేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి ఊరుకోండి, మిగతా పని తెలిసినవాళ్లకి వదిలేయండి.

మ్యూజియం నిపుణులు నాజూకైన పూతల మీద ఉమ్మితో తడిపిన దూది పుల్లలు వాడతారు. ఉమ్మిలోని ఎంజైము మకిలిని విడదీస్తుంది, పూతని ముట్టదు. ఈ సంగతిని పరీక్షించి చూపించిన పోర్చుగల్ పరిశోధకులకి 2018లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. చిన్న నగిషీ మీద, వేలి గోరంత చోటుకి ఇది నిజంగా బాగా పనిచేస్తుంది. దేవుడి మందిరానికి ఎంగిలి తగలనివ్వం కాబట్టి అక్కడ నులివెచ్చటి నీళ్లలో తడిపిన ఇయర్‌బడ్ వాడుకోండి.

దేవుడి మందిరం, గ్లాసు మచ్చలు, ఇత్తడి పిడులు

పూజ మందిరం చెక్క మీద రెండు రకాల మురికి ఉంటుంది. పై కప్పుకి పట్టిన దీపం మసి నూనెతో కలిసి ఉంటుంది కాబట్టి దానికి టర్పెంటైనే మందు. దేవుడి పటాలు, వత్తులు, అగ్గిపెట్టె అన్నీ బయటికి తీశాకే మొదలుపెట్టాలి. పసుపు మరక మాత్రం వేరే వ్యవహారం. సోడా, వాషింగ్ పౌడర్ నీళ్లు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం కూడా ఇందుకే. పసుపు మామూలు నీళ్లలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది, కానీ అది లక్క పూతని కూడా తీసుకుపోతుంది. పసుపుకి ఎండ పడదు. మందిరాన్ని కిటికీ పక్కన, నేరుగా ఎండ కొట్టని వెలుతురులో కొన్నాళ్లు ఉంచితే మరక తనంతట తనే పాలిపోతుంది. తొందర పడి నడి ఎండలో పెడితే చెక్క పగులుతుంది, టేకు రంగు కూడా తేలిపోతుంది.

గ్లాసు పెట్టిన చోట తెల్లటి వలయం ఉంటే చెమ్మ పూతలోనే ఆగిందని అర్థం. కొన్నిసార్లు వారం పది రోజుల్లో అదే పోతుంది. పోకపోతే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, జానెడు దూరం నుంచి కదుపుతూ గాలి పట్టించండి. పూత మీద చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించి వేడెక్కకూడదు. నల్లటి వలయం ఉంటే నీళ్లు పూత దాటి చెక్కలోకి దిగాయి. తుడుపుతో పోదు, దాని కోసం రుద్ది రుద్ది చుట్టూ ఉన్న మంచి పూత పోగొట్టుకోవద్దు.

ఇత్తడి పిడులు, మూలల బిళ్లలు చింతపండుతో తోమాలనిపిస్తే, మరలు విప్పి బయట తోమండి. విప్పడానికి రాకపోతే చుట్టూ పాత పోస్టు కార్డు లాంటి అట్టముక్క కత్తిరించి అడ్డం పెట్టి, పొడి గుడ్డతో రుద్ది వదిలేయండి. చింతపండు పులుసు చెక్కలోకి కారితే పిడి చుట్టూ మరక మిగులుతుంది. లిక్విడ్ పాలిష్ అయితే ఆరాక తెల్లటి పొడి నగిషీల్లో ఉండిపోతుంది.

మెరుపు కావాలంటే

శుభ్రం చేశాక ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి చూడండి. చాలావాటికి ఇంకేమీ పూయాల్సిన పని ఉండదు. మెరుపు తగ్గిందనిపిస్తే నూనె, స్ప్రే, మైనం మూడింట్లో మైనానికే నా ఓటు. పలచగా పట్టిస్తే పూతకి అడ్డు పొరలా నిలుస్తుంది, వద్దనుకున్న రోజు టర్పెంటైన్‌తో వచ్చేస్తుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. విజయవాడ, రామగుండం ఎండలకి అది కరగదు గానీ మెత్తబడి దుమ్ముని పట్టుకుంటుంది. అలాంటి ఊళ్లలో కార్నోబా మైనం కలిసిన పేస్ట్ కొనుక్కోవడం మేలు. దానికి 80 డిగ్రీలు దాటితే గానీ కరగని గట్టితనం ఉంది. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో తయారైన మైక్రోక్రిస్టలైన్ మైనం ఇంకా మంచిది, కానీ ధర ఎక్కువ. భోషాణం మొత్తానికి కాకుండా చిన్న పెట్టెలకీ, గడియారాలకీ వాడుకోవచ్చు.

పట్టించడంలో కిటుకు ఒకటే: ఎంత తక్కువైతే అంత మంచిది. గుడ్డకి బటానీ గింజంత తీసుకుని చేతి వెడల్పు చోట పలచగా పూసి, పావుగంట ఆగి, శుభ్రమైన గుడ్డతో మెరిసేదాకా తుడవాలి. వేలు పెడితే గుర్తు పడుతోందంటే మైనం ఎక్కువైంది. ఏడాదికి ఒకసారి చాలు.

గీకించి కొత్త పాలిష్ ఎప్పుడు?

పూత పెచ్చులుగా ఊడిపోతుంటే, చెక్క బయటపడి నీళ్లు తాగుతుంటే, పుచ్చు పట్టి పొడి రాలుతుంటే తుడుపుతో కుదరదు. అప్పుడు మేస్త్రీని పిలవాల్సిందే. మిగతా అన్ని సందర్భాల్లోనూ గీకించడం ఆఖరి దారి. ఎమరీ పేపర్ తిరిగితే పూతతో పాటు దశాబ్దాల వెలుతురుకి పండిన పై రంగు కూడా పోతుంది, నగిషీల పదును మొద్దుబారుతుంది, వెనీర్ ఉంటే చిల్లు పడుతుంది. లక్క పాలిష్ అయితే పాత పూత తీయకుండానే, కొద్దిగా స్పిరిట్ కలిపిన కొత్త చపడా పైన పట్టించి పునరుద్ధరించొచ్చు. పాత పొర కొత్తదానితో కలిసిపోతుంది. ఈ పని తెలిసిన ఫ్రెంచ్ పాలిష్ మేస్త్రీలు తగ్గిపోతున్నారు. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పాత ఫర్నిచర్ అమ్మే దుకాణాల దగ్గర అడిగితే ఎవరో ఒకరి ఆచూకీ దొరుకుతుంది.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు "పాలిష్ చేయండి" అని ఊరుకోకండి. పాత పూత ఉంచుతారా తీస్తారా, మెషీన్ వాడతారా చేత్తో చేస్తారా, వేసేది చపడానా మెలమైనా అని అడగండి. ముందు బీరువా లోపలి తలుపు మీద అరచేతంత చోట చేసి చూపించమనండి. అది ఆరాక, పగటి వెలుతురులో చూసి నచ్చితేనే మిగతా పని మొదలుపెట్టమనండి. అంతకు ముందే ఎమరీ పేపర్ తీసి గీకడం మొదలుపెట్టే మేస్త్రీకి ఆ సామాను ఇవ్వొద్దు.